చెరువు దాకా మోసిన బియ్యం

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో కొన్నాళ్లపాటు నన్ను అనుమానంగా చూశారు. తప్పు వాళ్లది కాదు. యాభై దాటిన మనిషి, బట్టతల, వీపున ఉబ్బిన బ్యాగు. పొద్దున్నే రోడ్డు మీంచి మెట్లెక్కి పైకొస్తాడు. టికెట్ కొనడు, రైలెక్కడు. రొప్పుతూ కాసేపు నిలబడి మళ్లీ దిగిపోతాడు. దిగినవాడు పోతాడా అంటే పోడు, మళ్లీ ఎక్కుతాడు. చివరికి ఒక రోజు పైన తనిఖీ దగ్గర ఉండే సెక్యూరిటీ ఆయన నన్ను పక్కకి పిలిచాడు.

"ఏంది సార్ కథ? రోజు వస్తున్నవ్, పోతున్నవ్. బ్యాగ్ల ఏమున్నది?"

"బియ్యం," అన్నాను.

నమ్మలేదు. బ్యాగు అడుగున ఉన్న అర జిప్పు తీసి చూపించాను. ఐదు కిలోల సోనా మసూరి, కొన్న ప్యాకెట్ కొన్నట్టే ఉంది. ఆయన దాన్ని వేలితో నొక్కి చూసి, నా మొహం చూశాడు.

"గీ బియ్యం ఏడికి తీస్కపోతున్నవ్ సార్?"

"ఎక్కడికీ లేదు. కొండ ఎక్కాలి. ప్రాక్టీసు చేస్తున్నాను."

"ఎస్కలేటర్ ఉన్నది గద."

"కొండకి ఉండదు కదా."

ఆయన కాస్త ఆలోచించి, "గదీ నిజమే," అన్నాడు. "జర మోకాళ్లు పైలం సార్." ఆ రోజు నుంచి నేను మెట్ల మీద కనబడితే చెయ్యెత్తేవాడు. ఆ నెలంతా అమీర్‌పేటలో నన్ను చూసి చెయ్యెత్తిన మనిషి ఆయనొక్కడే. అతిశయోక్తి అనుకుంటారు గానీ, కాదు.

నేను కంప్యూటర్ పాఠాలు చెప్పుకుని బతుకుతాను. తణుకు వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతికేళ్లుగా అదే పని. ఒకప్పుడు హాలు నిండిపోతే గుమ్మం బయట నిలబడి వినేవాళ్లు. టీ కొట్టు దగ్గర నిలబడితే నలుగురు 'సార్ సార్' అంటూ చుట్టూ చేరేవాళ్లు. కరోనా తర్వాత నా క్లాసు తెరలోకి వెళ్లిపోయింది, తిరిగి బయటికి రాలేదు. ఇప్పుడు నా ఫ్లాట్‌లో రెండో గదిలో కూర్చుని, కెమెరాలు ఆపేసుకున్న నల్లటి గళ్లకి పాఠం చెబుతాను. "వినిపిస్తోందా?" అని అడుగుతాను. కాసేపటికి ఎవరో ఒకరు 'ఎస్ సర్' అని టైపు కొడతారు. రోజు మొత్తం మీద నాకు దక్కే సంభాషణ అది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. నా విషయంలో పల్లకీ కూడా ఇంట్లోకే వచ్చేసింది, మోసేవాళ్లే కనబడరు.

అమీర్‌పేటలో ఒక పద్ధతి ఉంది. ఏ కోర్సు అయినా మొదటి మూడు క్లాసులు ఉచితం. డెమో అంటారు. ఎవరైనా వచ్చి వినొచ్చు. నచ్చితే చేరతారు, లేకపోతే నాలుగో రోజు కనబడరు. ఏ కోర్సులోనూ చేరకుండా ఒక సందులోంచి ఇంకో సందులోకి డెమోలు వింటూ నెలలు గడిపేసినవాళ్లు కూడా నాకు తెలుసు. నా డెమోలకి ఇక్కడ మంచి పేరుంది. డెమోలో నేను పాఠం చెప్పను, పండగ చేస్తాను. నాలుగో రోజు నుంచి అసలు పాఠం మొదలవుతుంది, నాతో వేగడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. మా ఆవిడ విడిపోయే ముందు ఒక మాట అంది: "నువ్వు డెమో మనిషివి." అది తిట్టో పొగడ్తో అప్పట్లో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది, కానీ ఆ సంగతి చెబుదామంటే ఆవిడ విజయవాడలో ఉంది.

మా అమ్మాయి కూడా అక్కడే తల్లి దగ్గర పెరిగింది. చిన్నప్పుడు సెలవులకి నా దగ్గరికి వచ్చేది. పెద్దదయ్యాక అదీ తగ్గింది. ఇప్పుడు ఇంజనీరింగ్ చివరి ఏడాది. మొన్న శీతాకాలం మొదట్లో ఫోన్ చేసి, బేగంపేటలో ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చిందనీ, సంక్రాంతి దాటాక ఆరు నెలలు హైదరాబాద్‌లో ఉంటాననీ చెప్పింది. నేను సంతోషపడే లోపలే, "అమీర్‌పేటలో మంచి లేడీస్ హాస్టల్ ఏదైనా తెలుసా నాన్నా?" అని అడిగింది.

అమీర్‌పేటలో నాన్న ఉండగా పిల్ల హాస్టల్ అడుగుతోంది. నాకు చుర్రుమంది. "హాస్టల్ ఎందుకమ్మా? ఇంట్లో గది ఉందిగా," అన్నాను.

"చూద్దాం నాన్నా."

చూద్దాం అంటే ఏమిటో నాకంటే బాగా ఎవరికి తెలుసు? డెమో అయ్యాక మెట్లు దిగుతూ అందరూ అనే మాటే అది.

వారం తర్వాత మళ్లీ ఫోన్ చేసింది. స్నేహితురాలితో కలిసి ఒక ట్రిప్పు బుక్ చేసుకుందట. విశాఖ మన్యంలో, చింతపల్లి దాటాక కొండల మధ్య ఒక చెరువు. గట్టున టెంట్లలో ఉండటం, పక్కన కొండ ఎక్కడం, నీళ్లలో పడవ నడపడం. స్నేహితురాలికి కుదరలేదు. "సీటు ఖాళీగా ఉంది, వస్తావా నాన్నా?" అంది.

కొండ ఎత్తెంతో అడగలేదు, ఈత వచ్చి ఉండాలా అనీ అడగలేదు. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక తట్టింది. ఇది నా డెమో. రెండు రోజులు. పిల్లకి నచ్చితే ఆ ఆరు నెలలూ నా ఇంట్లో ఉంటుంది. నచ్చకపోతే హాస్టల్‌కి పోతుంది, ఆ తర్వాత ఉద్యోగం, పెళ్లి, ఇంకెక్కడ దొరుకుతుంది నాకు?

అందుకే ఆ మెట్లు, ఆ బియ్యం. కొండ దగ్గర నేను చతికిలబడితే, ఈ ముసలాణ్ణి నేనేం చూసుకుంటానులే అని పిల్ల భయపడుతుందని నా లెక్క. రెండో గదిలోంచి వైట్‌బోర్డు హాల్లోకి మార్చాను. కిటికీకి లేతాకుపచ్చ కర్టెన్ కొన్నాను. కొంటుంటే నాకే నవ్వొచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

బస్సు సాయంత్రం పంజాగుట్టలో ఎక్కాను. అందులో అందరూ పాతికేళ్ల పిల్లలు, ఆఫీసు జబ్బుల నుంచి రెండు రోజులు పారిపోతున్నవాళ్లు. మా అమ్మాయి విజయవాడలో ఎక్కింది. నా పక్క సీట్లో కూర్చుని, "బాగున్నావా నాన్నా," అని, దుప్పటి కప్పుకుని నిద్రపోయింది. దారిలో మాట్లాడాలని నేను నాలుగు విషయాలు సిద్ధం చేసుకున్నాను. నాలుగూ నా దగ్గరే ఉండిపోయాయి.

తెల్లారేసరికి ఘాట్ రోడ్డు ఎక్కి దిగి, పొగమంచులో ఒకచోట ఆగాం. ప్యాకేజీ కాగితంలో దాని పేరు 'మౌంటెన్ లేక్'. అక్కడివాళ్లు చెరువు అన్నారు. నేను చెరువు పక్షమే. మంచు విడేదాకా చెరువు ఎక్కడుందో కూడా తెలియలేదు, ఎక్కడో పక్షులు నీళ్లలో రెక్కలు కొట్టుకుంటున్న చప్పుడు మాత్రం వినబడింది. ఎండ పడ్డాక ఒక్కో పొరా లేచి, ముందు గట్టు, తర్వాత నీళ్లు, ఆ వెనక కొండ కనబడ్డాయి. అంత నిశ్శబ్దంగా ఉన్న నీటిని నేను ఎన్నాళ్లుగా చూడలేదో. మా సందులో నీళ్లంటే ట్యాంకరు.

టిఫిన్ దగ్గర కుర్రాడొకడు నన్ను గుర్తుపట్టాడు. "సార్, మీరు జావా సార్ గద? మీ డెమోకి వచ్చిన సార్. మస్తు చెప్పిన్రు."

"మరి చేరలేదేం?"

"రూమ్మేట్ వేరే తాన చేరిండు సార్. ఆనితోని పోయిన."

మా అమ్మాయి పక్కనే ఉంది. ఉప్మా నోట్లో పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. కుర్రాడు వెళ్లాక అడిగింది. "ఎవరు చేరతారో ఎవరు చేరరో నీకు ముందే తెలుస్తుందా నాన్నా?"

"తెలియకేం? బాగా చెప్పారు సార్ అన్నవాడు చేరడు. ఫీజెంత అన్నవాడు అటూ ఇటూ. టైమింగ్ ఏంటి అని అడిగాడనుకో, వాడు చేరినట్టే. ఎందుకంటే వాడు అప్పటికే తన రోజులో మనకి చోటు వెతుక్కుంటున్నాడన్నమాట."

"ఎప్పుడూ తప్పలేదా?"

"ఇంతవరకూ లేదు."

ఆమె తలూపింది. నాకు హుషారొచ్చింది. డెమో బాగా మొదలైంది.

తర్వాత టెంటులో బట్టలు తీద్దామని బ్యాగు విప్పాను. స్వెట్టరు తీశాను, తువ్వాలు తీశాను. అడుగు అర జిప్పు లాగాను. అందులో ఐదు కిలోల సోనా మసూరి. రోజూ ఆ బరువుకి వీపు అలవాటైపోయి, బయల్దేరే రోజు బ్యాగు భుజానికెత్తుకుని, సరిగ్గానే ఉంది అనుకున్నాను. హైదరాబాద్ నుంచి చింతపల్లి దాకా బియ్యం మోసుకొచ్చినవాణ్ణి చరిత్రలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మా అమ్మాయి టెంటులోకి తొంగి చూసింది. ప్యాకెట్ చూసింది. "ఇదేంటి నాన్నా?"

చెప్పాను. మెట్లు, సెక్యూరిటీ, ఎస్కలేటర్, అన్నీ. ఆమె నేల మీద కూలబడి నవ్వింది. కళ్లమ్మట నీళ్లు కారేదాకా నవ్వింది. తొమ్మిదేళ్లప్పుడు ఎలా నవ్వేదో అలాగే, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని. బియ్యంతో నన్ను ఫొటో తీసింది.

"మీ అమ్మకి పంపకు."

"సిగ్నల్ లేదులే," అంది. పంపనని మాత్రం అనలేదు.

బియ్యం తీసుకెళ్లి వంట చేసే ఆమెకి ఇచ్చాను. ఆమె ప్యాకెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏటి బాబూ, మా కొండల్లో బియ్యం దొరకవనుకున్నారేటి?" అంది. ప్యాకెట్ ఆమె చేతిలోనే వదిలేసి వచ్చేశాను. ఆ రాత్రి అందరికీ ఆ బియ్యమే వండింది.

మధ్యాహ్నం కొండెక్కడానికి బయల్దేరాం. ఎర్రమట్టి దారి, రెండు వైపులా వలిసె పూలు పసుపు ఆరబోసినట్టు ఉన్నాయి. మెట్రో మెట్ల ముందు ఆ కొండ ఏపాటి? వీపున బియ్యం కూడా లేవాయె. నా కాళ్లు వాటంతటవే పోయాయి. పిల్లలు వెనక ఫొటోలు దిగుతున్నారు, ఆగుతున్నారు, ఒకళ్ల నీళ్లు ఒకళ్లు తాగుతున్నారు. నేను ఆగలేదు. నాన్నకి ఎంత ఓపిక ఉందో చూడనీ అనుకుంటూ ఎక్కేశాను. తీరా పైకి చేరి వెనక్కి తిరిగితే ఎవరూ లేరు.

ఒక బండ మీద కూర్చున్నాను. చెరువు కింద చిన్న గిన్నెలా ఉంది. గాలి, ఎండ, నేను. బాగుంది చూడు అని చెప్పడానికి పక్కన మనిషి లేడు. ఫోన్ తీశాను, సిగ్నల్ లేదు. ఉన్నా ఎవరికి చేసేవాణ్ణో ఆలోచించాను. ఎవరూ తట్టలేదు. అంత ఎత్తున కూర్చుని ఏడుపొచ్చిందంటే నమ్మండి. చాలాసేపటికి కింద నుంచి మాటలు వినబడ్డాయి. మా అమ్మాయి ఇద్దరమ్మాయిల భుజాల మీద చేతులు వేసుకుని, ఆయాసపడుతూ, నవ్వుతూ పైకొస్తోంది.

"ఆగలేదేం నాన్నా? నీతో కలిసి ఎక్కుదామనుకున్నా."

"వస్తారులే అని," అన్నాను. నెల రోజులు కష్టపడి నేర్చుకున్నదల్లా పిల్లని వెనక వదిలేసి ముందు పోవడం.

సాయంత్రం నెగడు వేశారు. అమ్మాయిలంతా ఒక టెంటు, అబ్బాయిలంతా ఒక టెంటు. "సార్‌కి సింగిల్ టెంట్ ఇద్దాం, డిస్టర్బ్ కావద్దు," అన్నాడు ఆ డెమో కుర్రాడు. మర్యాదే, కాదనను. నేను నెగడు దగ్గరికి వెళ్తే జరిగి చోటిచ్చారు, చేతులు కట్టుకున్నారు, అప్పటిదాకా నడుస్తున్న మాట ఆపేశారు. కాసేపు కూర్చుని, అలసిపోయానని చెప్పి లేచాను. టెంటు గుడ్డ పల్చన. ఆ వెంటనే మాటలు మళ్లీ మొదలయ్యాయి. మధ్య మధ్యలో మా అమ్మాయి నవ్వు వినబడింది. నా పేటలో పక్క ఫ్లాట్ల టీవీలు వింటూ పడుకోవడం నాకు అలవాటే, కానీ ఇది వేరు.

మర్నాడు పొద్దున పడవలు. రంగు రంగుల ప్లాస్టిక్ పడవలు, ఒక్కోదాంట్లో ఇద్దరు కూర్చోవాలి. మా అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మనిద్దరం నాన్నా," అంది. ఆ ఒక్క మాటకి రాత్రి బెంగంతా పోయింది.

పడవలాయన మాకు లైఫ్ జాకెట్లు బిగించాడు. "బరువున్నోలు ఎనకాల కూకోవాలండి. ముందోలు ఎలా ఏస్తే ఎనకోలు అలా ఎయ్యాల. అంతే," అన్నాడు. ఆమె ముందు, నేను వెనక. నాకు ఆమె వీపూ, జడా తప్ప మొహం కనబడదు. నాకు అలవాటైన ఏర్పాటే. నల్లటి గడికి బదులు నారింజ రంగు జాకెట్.

ముందువాళ్లు ఎలా వేస్తే వెనకవాళ్లు అలా వెయ్యాలి అని ఆయన చెప్పాడా? చెప్పాడు. నేను విన్నానా? పది తెడ్లు పడ్డాయో లేదో, నా నోరు లేచింది. "కుడి వైపు ఎక్కువ పడుతోందమ్మా. మోచెయ్యి అలా కాదు. ముందు దీని సూత్రం అర్థం చేసుకో. మనం నీళ్లని వెనక్కి తోస్తే, నీళ్లు మనల్ని..." అలా అలా చెప్పుకుపోయాను. పడవ గుండ్రంగా తిరిగింది. తిరిగిన కొద్దీ ఇంకా గట్టిగా చెప్పాను. కాసేపటికి ఆమె తెడ్డు తీసి ఒళ్లో పెట్టుకుంది. నేనూ ఆపాను. చెరువు నడిమధ్యన ఉన్నాం. తెడ్డు మీంచి నీటిబొట్లు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆ చప్పుడు కూడా నేను భరించలేకపోయాను. "గది సర్దేశానమ్మా," అన్నాను. "కర్టెన్ కూడా కొన్నాను. నువ్వొచ్చి ఉంటే..." "ఆరు నెలలే కదా. ఉంటావా?"

ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే పడవ ఒరుగుతుంది. నీళ్లకేసి చూస్తూ చెప్పింది.

"నీ పాఠం వినడం నాకు చాలా ఇష్టం నాన్నా. చిన్నప్పుడు పక్క గదిలో నువ్వు రేపటి క్లాసు గోడకి చెప్పుకుంటుంటే, అది వింటూ నిద్రపోయేదాన్ని. అమ్మతో కూడా చెప్పా, ఆ గొంతు లేకుండా విజయవాడలో మొదట్లో నిద్ర పట్టేది కాదని."

"మరింకేం?"

"నాతో మాట్లాడేటప్పుడు మాత్రం... నేను జవాబు చెప్పేలోపు నువ్వే చెప్పేస్తావు నాన్నా. నేను లేకపోయినా ఆ మాటలు అలాగే ఉంటాయనిపిస్తుంది."

ఇది విన్నాక మనిషన్నవాడు ఏం చెయ్యాలి? నోరు మూసుకోవాలి. నేనేం చేశాను? "అది కాదమ్మా, దానికి కారణం ఏంటంటే," అని మొదలుపెట్టాను. రెండు కారణాలు చెప్పి, మూడోదాంట్లో ఉండగా ఆమె తెడ్డు తీసుకుని నెమ్మదిగా వెయ్యడం మొదలుపెట్టింది. ఎటు వేస్తే నేనూ అటు వేశాను. పడవ చక్కగా ఒడ్డుకి వెళ్లింది.

తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీ వైపు కూర్చుంది. నేనేమీ అడగలేదు. అడిగి మళ్లీ చెడగొట్టుకోవడం ఎందుకని. విజయవాడ వచ్చేముందు బ్యాగు సర్దుకుంటూ, నాకేసి చూడకుండా అడిగింది. "నాన్నా, నీ క్లాసు టైమింగ్ ఏంటి?"

"పొద్దున ఏడున్నర," అన్నాను.

"రోజూనా?"

"ఆదివారం తప్ప."

"సరే," అని నవ్వి దిగిపోయింది. నిన్న ఉప్మా తింటూ తలూపిన పిల్లే ఇప్పుడు తెలిసే అడిగింది. బస్సు కదిలాక అవతలి సీట్లో కుర్రాణ్ణి లేపి చెప్పాలనిపించింది. పాతికేళ్లలో ఎప్పుడూ తప్పని లెక్క. టైమింగ్ అడిగినవాళ్లు చేరతారు.

అమీర్‌పేట దిగగానే పనిలో పడ్డాను. రెండో తాళం చెవి చేయించాను. గీజరు బాగు చేయించాను. నా క్లాసుతో పొద్దున్నే ఆమె నిద్ర పాడవకూడదని రెండో గది తలుపు సందుల్లో రబ్బరు పట్టీ వేయించాను. పండగ వెళ్లిన వారానికి, ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ వచ్చింది.

"వచ్చేశాను నాన్నా. పంజాగుట్టలో, మెట్రో పక్కనే హాస్టల్. రేపే జాయినింగ్. రూము బాగుంది."

"బాగుందా," అన్నాను. "మంచిది. తిన్నావా?"

"తిన్నాను. మళ్లీ మాట్లాడతా నాన్నా."

ఆ తాళం చెవి పట్టుకుని హాల్లో కూర్చున్నాను. పంజాగుట్ట నాకు ఒక్క స్టేషన్ దూరం. గుడ్డి కన్నా మెల్ల మేలు అనుకోవాలి, అనుకున్నాను. కానీ ఒక సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. పంజాగుట్ట నుంచి బేగంపేట వెళ్లాలంటే అమీర్‌పేటలో రైలు మారాలి. అంటే రోజూ నా నెత్తి మీదే దిగి, నా నెత్తి మీదే ఇంకో రైలెక్కి వెళ్లిపోతుంది. కిందకి దిగే పనే లేదు.

మర్నాడు తెల్లవారి, కొండ లేకపోయినా, అలవాటుగా మెట్లెక్కాను. సెక్యూరిటీ ఆయన చెయ్యెత్తాడు. "బియ్యం లేవా సార్ ఇయ్యాల?"

"అయిపోయాయి. చెరువు దగ్గర వండేశారు."

"మంచిగైంది," అన్నాడు.

ఇంటికొచ్చి ఏడున్నరకి క్లాసు తెరిచాను. కొత్త బ్యాచ్, మొదటి డెమో. నల్లటి గళ్లు ఒక్కొక్కటే నిండుతున్నాయి. "వినిపిస్తోందా?" అని అలవాటుగా అడిగి, చేరినవాళ్ల పేర్లు పైనుంచి కిందకి చూసుకుంటూ వచ్చాను. మధ్యలో ఒక గడి మీద పేరుండాల్సిన చోట 'సోనా మసూరి' అని ఉంది.

కెమెరా లేదు, మైకు లేదు. పాతికేళ్లలో మొదటిసారి డెమోలో నీళ్లు తాగడానికి ఆగాను. "సర్, ఆడియో పోయింది," అని ఎవరో టైపు కొట్టారు. సర్దుకుని చెప్పాను. ఆ రోజు పండగేమీ చెయ్యలేదు, పాఠమే చెప్పాను. క్లాసు అయ్యాక అందరూ థాంక్యూ సర్ అంటూ వెళ్లిపోయారు. ఆ గడీ వెళ్లిపోయింది. ఫోన్ చెయ్యాలని వేలు పెట్టి, తీసేశాను. ఏమని చేస్తాను? కారణాలు మూడు చెప్పడానికా?

రెండో రోజు వచ్చింది. మూడో రోజూ వచ్చింది. నాకు మూడు రోజులు సంతోషించడం రాదు. డెమోలకి రావడం ఎవరైనా వస్తారు.

నాలుగో రోజు పొద్దున్న ఉప్మా చేసుకుని పళ్లెం పక్కన పెట్టుకుని, తినకుండా కూర్చున్నాను. ఏడున్నరయింది. సగానికి సగం గళ్లు లేవు, ఎప్పుడూ అంతే. సోనా మసూరి లేదు. "స్టార్ట్ చేయండి సర్," అన్నారెవరో. చేస్తానన్నాను. నిన్నటిది ఒకసారి గుర్తుచేసుకుందాం అని సాగదీశాను. నా గొంతు నాకే నీరసంగా వినబడింది. బోర్డు వైపు తిరిగి ఏదో రాసి ఇటు తిరిగేసరికి, చివరి గడిలో ఆ పేరుంది. ఆలస్యంగా వచ్చేవాళ్లని నేను ఎప్పుడూ తిడతాను. ఆ రోజు ఎవర్నీ తిట్టలేదు.

క్లాసు అయ్యింది. ఒక్కొక్కరే వెళ్లారు. గళ్లన్నీ పోయి తెర మీద రెండే మిగిలాయి. ఒకదాంట్లో నా బట్టతల, ఒకదాంట్లో నలుపు. ఆమె వెళ్లలేదు. నా నాలుక చివర బోలెడు మాటలున్నాయి. హాస్టల్‌లో తిండి ఎలా ఉంది, ఎందుకిలా చేశావు, తాళం చెవి నా దగ్గరే ఉంది, ఒక్క స్టేషనే కదా. అన్నీ మింగేశాను. చెరువు మధ్యలో చెయ్యలేని పని ఈ హాల్లో చేశాను. ఊరుకున్నాను.

కొంతసేపటికి ఆమె మైకు తెరుచుకుంది. మాటేం రాలేదు. స్టీలు పళ్లేల చప్పుడు. వేడి నీళ్లు అయిపోయాయని ఎవరో అరవడం. ఎక్కడో పైన రైలు వెళ్తున్న మోత, అదే మోత రెండు నిమిషాలకి నా కిటికీ బయట. ఒక చెంచా కింద పడింది, ఎవరో తీశారు. ఆమె తింటోంది.

నేను పళ్లెం దగ్గరికి లాక్కుని చల్లారిన ఉప్మా తిన్నాను.